పుదీనాలో నూనె, నేలలో జింకు: సూక్ష్మపోషకాలు సుగంధ మొక్కలకు నిజంగా ఏం చేస్తాయి

పుదీనా మడిలో ఆకులు పాలిపోతే చేతికి ముందుగా అందేది యూరియా బస్తా. వారం పది రోజుల్లో పచ్చబడితే సరే, లేకపోతే ఇంకో విడత. అయితే పాలిపోయింది ఏ ఆకు అన్నది చూడకుండా వేసిన యూరియా చాలాసార్లు వృథా అవుతుంది. నత్రజని చాలని మొక్క కింది ముదురాకుల్లోంచి దాన్ని లాక్కుని చిగురుకు పంపుతుంది. అందుకే నత్రజని లోపంలో పసుపు కిందనుంచి పైకి వస్తుంది. ఇనుము దీనికి పూర్తిగా వేరు. ఒకసారి ఆకులో కుదురుకున్నాక దాన్ని వెనక్కి తీసుకుని కొత్త చిగురుకు ఇవ్వడం మొక్కకు దాదాపు చేతకాదు. ఇనుపధాతు లోపం వచ్చిన పుదీనాలో కింది ఆకులు పచ్చగానే ఉంటాయి. కొసన ఉన్న లేతాకు పసుపు తిరుగుతుంది, దాని ఈనెలు మాత్రం సన్నటి పచ్చ గీతల్లా మిగులుతాయి. లోపం ముదిరితే చిగురు తెల్లగా పాలిపోతుంది. ఆ దశలో ఎంత యూరియా వేసినా అడుగున ఉన్న సమస్య అలాగే ఉంటుంది.

వరిలోనో వేరుశనగలోనో ఈ పొరపాటు గింజ దిగుబడిలో తేలిపోతుంది. సుగంధ మొక్కల్లో ఇంకో మెలిక ఉంది. పుదీనా, తులసి, నిమ్మగడ్డి, కొత్తిమీర, మరువం, దవనం... వీటి విలువంతా వాసనలో ఉంది, ఆ వాసన ఆకులోనో గింజలోనో చాలా కొద్దిగా ఉండే నూనెలో ఉంది. వంద కిలోల పచ్చి మెంథాల్ పుదీనాను ఆవిరి పడితే వచ్చే నూనె సుమారు అరకిలో నుంచి ముప్పావు కిలో. నిమ్మగడ్డిలోనూ ఇంచుమించు అంతే. కాబట్టి "జింకు వేస్తే పంట పెరిగిందా?" అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ సరిపోదు. ఆకు పెరిగిందా, ఆకులో నూనె పెరిగిందా అని రెండుగా విడదీసి అడగాలి. సూక్ష్మపోషకాల గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో చాలా భాగం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

మొక్కకు తప్పనిసరి అని తేలిన పోషకాలు 17. వాటిలో ఇనుము, జింకు, మాంగనీసు, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్ అనే ఎనిమిదింటిని సూక్ష్మపోషకాలు అంటారు. సూక్ష్మం అన్న మాట అవసరమైన పరిమాణం గురించే, ప్రాముఖ్యం గురించి కాదు. ఎండబెట్టిన కిలో ఆకులో జింకు 30 మిల్లీగ్రాములుంటే మొక్క హాయిగా ఉన్నట్టే. ఆ లెక్కన ఎకరాలో రెండు టన్నుల ఎండు ఆకు వచ్చినా ఆ పంట నేలలోంచి తీసుకున్న జింకు 60 గ్రాములు. మరి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయమని ఎందుకు చెబుతారు? అందులో జింకు నాలుగు కిలోల పైనే ఉంటుంది కదా. వేసినదాంట్లో అత్యధిక భాగాన్ని నేల పట్టేసుకుంటుంది కాబట్టి. ఈ ఒక్క లెక్క అర్థమైతే సూక్ష్మపోషకాల కథలో సగం అర్థమైనట్టే. చాలా చోట్ల ధాతువు నేలలో లేక కాదు, ఉన్నది వేరుకు అందక లోపం వస్తుంది.

వాసన తయారయ్యే చోటు

పుదీనా ఆకును తిప్పి, వెనుక వైపు ఒక మామూలు భూతద్దంతో వెలుతురులో చూస్తే చిన్న చిన్న బొట్లు మెరుస్తూ కనిపిస్తాయి. అవే నూనె గ్రంథులు. ఒక్కో పెద్ద గ్రంథిలో ఎనిమిది కణాలు బిళ్లలా పక్కపక్కనే అమరి ఉంటాయి. అవి తయారుచేసిన నూనె వాటి పైనున్న పలచటి పొర కింద చేరి, ఆ పొర ఉబ్బుతుంది. ఆకును వేళ్ల మధ్య నలిపితే పగిలేది ఆ పొరే, ముక్కుకు తగిలేది ఆ నూనే. ఆ కణాల్లో పత్రహరితం ఉండదు. చుట్టూ ఉన్న ఆకుపచ్చ కణాలు పంపే చక్కెరే వాటికి ముడిసరుకు.

ఆ చక్కెర మెంథాల్‌గా మారే దారిని అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో రాడ్నీ క్రోటో బృందం దశాబ్దాలపాటు శ్రమించి అడుగడుగునా విప్పి చూపించింది. ఆ దారిలో లోహాల పాత్ర ఆశ్చర్యం కలిగిస్తుంది. నూనెకు మూలపదార్థాన్ని తయారుచేసే వరుసలో చివరి రెండు ఎంజైములు ఇనుము, గంధకం కలిసిన గుత్తులు లేకుండా పనిచేయలేవు. అంతకు ముందు అడుగులో ఉన్న ఎంజైముకు జింకు కావాలి. ఆ మూలపదార్థాన్ని లిమోనీన్ అనే తొలి సుగంధ పదార్థంగా మలిచే ఎంజైముకు మెగ్నీషియమో మాంగనీసో తోడుండాలి. లిమోనీన్‌ను మెంథాల్ వైపు తిప్పే తర్వాతి మెట్టు మళ్లీ ఇనుముదే. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉన్నట్టే హీమ్ రూపంలో ఇనుము ఆ ఎంజైము మధ్యలో కూర్చుని ఉంటుంది.

అంటే సూక్ష్మపోషకాలకు వాసనతో ఉన్న సంబంధం నేరుగా, రసాయన శాస్త్రం స్థాయిలోనే ఉంది. ఇది నిజం. కానీ ఈ నిజం నుంచి "ఇనుము పిచికారీ చేస్తే నూనె పెరుగుతుంది" అనే మాటకు చాలా దూరముంది. ఎంజైముకు కావలసింది అతి కొద్ది లోహం. ఆ అవసరం తీరాక ఇంకో పదిరెట్లు ఇచ్చినా దాని పని వేగం పెరగదు. అప్పుడు పనిని ఆపుతున్నది చక్కెర కావచ్చు, ఎండ కావచ్చు, ఆకు వయసు కావచ్చు. మిరియాల పుదీనాలో, అంటే పెప్పర్‌మింట్‌లో, నూనె తయారీ ఆకు పుట్టిన 12వ రోజు నుంచి 20వ రోజు మధ్యనే ప్రధానంగా జరుగుతుందని క్రోటో బృందమే తేల్చింది. ఆ కొద్ది రోజుల్లో ఆకు ఆరోగ్యంగా ఉండాలి. ఆ కిటికీ దాటిపోయిన ముదురాకు మీద ఎంత మందు కొట్టినా అందులోకి కొత్తగా నూనె రావడం కష్టం. కోతకు వారం ముందు పిచికారీ చేసి నూనె పెరుగుతుందని ఆశపడటం ఎందుకు ఫలించదో దీన్నిబట్టే తెలుస్తుంది.

మరి పొలంలో కనిపించే లాభం ఎక్కడినుంచి వస్తోంది? ఎక్కువగా ఆకు నుంచే. జింకు చాలనప్పుడు మొక్కలో ఎదుగుదలను నడిపే ఆక్సిన్ తగ్గుతుంది. కణుపుల మధ్య దూరం కుచించుకుపోయి, ఆకులు చిన్నవై గుత్తులుగా వస్తాయి. ఇనుము చాలకపోతే పత్రహరితమే తయారు కాదు. మాంగనీసు లేకపోతే కిరణజన్య సంయోగక్రియలో నీటిని విడగొట్టే తొలి అడుగే తడబడుతుంది. ఈ లోపాలు సరిచేస్తే కొమ్మలు, ఆకులు పెరుగుతాయి, ఆకుల విస్తీర్ణం పెరుగుతుంది, వాటితోపాటు గ్రంథుల మొత్తం సంఖ్య పెరుగుతుంది. ఎకరాకు వచ్చే నూనె అలా పెరుగుతుంది. ఆకులో నూనె శాతం మాత్రం కొన్నిసార్లు కాస్త పెరుగుతుంది, చాలాసార్లు ఉన్నచోటే ఉంటుంది, ఒక్కోసారి తగ్గుతుంది.

ఆ తగ్గడం చూసి కంగారు పడనక్కర్లేదు. ఒక ఉదాహరణ వేసుకుందాం. పోషకం వేయని మడిలో హెక్టారుకు 10 టన్నుల పుదీనా వచ్చి, నూనె 0.65 శాతం ఉందనుకుంటే దక్కేది 65 కిలోలు. జింకు వేసిన మడిలో 12 టన్నులు వచ్చి నూనె 0.60 శాతానికి తగ్గినా 72 కిలోలు వస్తాయి. రెండోదే లాభం. దీనికి తిరగబడ్డ పరిస్థితి కూడా ఉంది. నీరు, పోషకాలు కాస్త తక్కువైన మొక్కలో ఆకు చిన్నదై, అదే నూనె తక్కువ బరువులో ఉండటంతో శాతం ఎక్కువగా కనిపించవచ్చు. ఎకరా నూనె మాత్రం పడిపోతుంది. అందుకే శాతం ఒక్కటే చూపించి గొప్పలు చెప్పే ఫలితాన్ని, ఆకు బరువు ఒక్కటే చూపించే ఫలితాన్ని ఒకేలా అనుమానించాలి. రెండింటినీ గుణించగా వచ్చే అంకె కావాలి.

నూనె నాణ్యత విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పుదీనా నూనెలో మెంథోన్ నుంచి మెంథాల్ తయారవడం ఆకు ముదిరేకొద్దీ పెరుగుతుంది. కొత్తిమీర ఆకు వాసన ఆల్డిహైడ్లది, అదే మొక్క గింజల వాసన లినలూల్‌ది. రకం, కోత దశ, ఎండ తీవ్రత ఈ మిశ్రమాన్ని మార్చినంతగా సూక్ష్మపోషకాలు మార్చవు. మందు కొట్టిన మడి ముందుగా పూతకు వచ్చి, రెండు మడులనూ ఒకే రోజు కోస్తే కనిపించే తేడా వయసుదే తప్ప జింకుది కాకపోవచ్చు. ఈ చిన్న సంగతిని పట్టించుకోని ప్రయోగాలు తక్కువేమీ లేవు.

నేల ఇవ్వనంటే

దేశంలో జింకు లోపాన్ని మొదటిసారి గట్టిగా గుర్తించింది వరిలో. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్‌లో 1960ల మధ్యలో వరిని పట్టిన ఖైరా తెగులుకు కారణం క్రిమి కాదనీ, జింకు లేకపోవడమేననీ వై.ఎల్. నేనే అనే శాస్త్రవేత్త 1966లో చూపించారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేయించిన మట్టి పరీక్షల్లో సుమారు 36 శాతం నమూనాల్లో జింకు, 23 శాతం వరకు బోరాన్, 13 శాతం దాకా ఇనుము చాలవని తేలింది. మెంథాల్ పుదీనా సాగుకు దేశంలో పెట్టింది పేరు ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ పరిసరాలు. 1950ల్లో జపాన్ నుంచి మన దేశానికి వచ్చిన ఈ పంట అక్కడ వరి, గోధుమ, ఆలుగడ్డల మధ్య వేసవిలో సర్దుకుంది. ఏడాదికి మూడు పంటలు తీసే ఆ గంగామైదానపు నేలల్లో జింకు అడుగంటడం విడ్డూరం కాదు. అందుకే లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) శాస్త్రవేత్తలు పుదీనాలో జింకు, ఇనుము, మాంగనీసు మీద చాలా కాలంగా పనిచేస్తున్నారు. ఆ సంస్థ శాఖ ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లోనూ ఉంది.

తెలుగు నేలల్లో లోపం వెనుక కథ ఎక్కువగా సున్నానిది. నల్లరేగడి భూముల్లో ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటడం మామూలే, సున్నపు గులకరాళ్లు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. ఉదజని సూచిక ఒక అంకె పెరిగితే నేల ద్రావణంలో కరిగి ఉండే జింకు వందో వంతుకు, ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. ఎకరా నేల పైపొరలో టన్నులకొద్దీ ఇనుము ఉండి కూడా కరివేపాకు చిగురు పసుపు తిరగడానికి కారణం ఇదే. బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువైతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఏళ్ల తరబడి డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు కుమ్మరించడంతో నేలలో పేరుకుపోయిన భాస్వరం జింకును మొక్కకు అందనీయదు.

ఇక్కడ మొక్కకూ మొక్కకూ తేడా ఉంది. పుదీనా, తులసి, కొత్తిమీర లాంటి ద్విదళ బీజాలు ఇనుము చాలనప్పుడు వేరు చుట్టూ ఆమ్లాన్ని వదులుతాయి, ఇనుమును తేలికగా పీల్చుకునే రూపంలోకి మార్చుకుంటాయి. నిమ్మగడ్డి, పామరోజా గడ్డిజాతివి. అవి ఇనుమును పట్టి తెచ్చే ప్రత్యేక పదార్థాలను వేరు నుంచి వదిలి, ఆ పట్టిన ఇనుమును అలాగే లోపలికి లాక్కుంటాయి. సున్నపు నేలలో రెండో పద్ధతికి కాస్త బలం ఎక్కువ, ఎందుకంటే నేలలోని సున్నం మొదటి పద్ధతిలో వదిలిన ఆమ్లాన్ని వెంటనే చప్పబరుస్తుంది. అలాగని నిమ్మగడ్డికి లోపం రాదని కాదు. ఏడాదికి మూడు నాలుగు కోతలు తీసేచోట ప్రతి కోత తర్వాతా దుబ్బు కొత్తగా మొలవాలి, ఆ మొలకకు ప్రతిసారీ కొత్తగా ఇనుము, జింకు కావాలి. తూర్పు కనుమల ఎర్ర నేలల్లో, వానకు కోసుకుపోయే వాలుల్లో లెక్క మళ్లీ మారుతుంది. ఆమ్ల గుణమున్న ఆ నేలల్లో ఇనుముకు కొదవుండదు, కొట్టుకుపోయేది బోరాన్. బాపట్ల దగ్గర సముద్రపు ఇసుక నేలలో బోరాన్, జింకు రెండూ నిలవవు. "సుగంధ పంటలకు ఈ మిశ్రమం" అని ఒకే ప్యాకెట్ రాసిచ్చే సలహా ఈ మూడు చోట్లలో కనీసం రెండింట తప్పవుతుంది.

ధనియాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల నల్లరేగడిలో అక్టోబరు నుంచి నవంబరు మధ్యలో వేసి, నేలలో మిగిలిన తేమ మీదే పండించే పంట ఇది. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన సాధన, స్వాతి, సింధు రకాలు ఈ పరిస్థితికి తగ్గట్టు ఎంపిక చేసినవే. పైపొర త్వరగా ఎండిపోతుంది. జింకు నేలలో చాలా నెమ్మదిగా, అదీ తేమలోంచి మాత్రమే వేరు దగ్గరికి కదులుతుంది. ఎండిన పొరలో ఎంత జింకున్నా లేనట్టే. ఇలాంటి చోట ఆకుమీద పిచికారీ నేలలో వేసినదానికంటే నమ్మకంగా పనిచేస్తుంది. పైగా ధనియాల్లో నూనె ఆకు మీది గ్రంథుల్లో కాక గింజ లోపలి సన్నటి నాళాల్లో ఉంటుంది. అంటే పూత, గింజ కట్టడం సవ్యంగా జరగాలి. పుప్పొడి మొలకెత్తి అండం వరకు నాళం సాగడానికి బోరాన్ తప్పనిసరి. అది చాలకపోతే గొడుగుల్లాంటి పూగుత్తులు నిండుగా కనిపించినా గింజలు తాలుపోతాయి. పుదీనాకు పూత ముందు కోత ముఖ్యం, ధనియాలకు పూత తర్వాతి నాలుగు వారాలు ముఖ్యం. ఒకే బోరాన్ ఒక పంటకు అంతగా అక్కరకు రాకుండా, ఇంకో పంటలో దిగుబడిని నిర్ణయించవచ్చు.

మిగిలినవాటిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రాగి లోపం మన దగ్గర అరుదు, రాగి మందులు పిచికారీ చేసే తోటల్లో అయితే ఇంకా అరుదు. మాలిబ్డినం ప్రధానంగా పప్పుజాతి పంటల సమస్య, ఆమ్ల నేలల సమస్య. క్లోరిన్, నికెల్ లోపాల గురించి సుగంధ పంటల రైతు ఆందోళన పడాల్సిన అవసరం మన పొలాల్లో రాదు.

అన్నభేది, నిమ్మ ఉప్పు, రెండు గ్లాసులు

పచ్చి ఆకు కట్టలుగా అమ్మే కరివేపాకు, కొత్తిమీర, పుదీనాలో ఇనుపధాతు లోపం నేరుగా ధర మీద పడుతుంది. పసుపు కట్టను ఎవరూ కొనరు. దీనికి తెలుగు రైతులకు బాగా తెలిసిన మందు అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి లేతాకు తడిసేలా వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడతారు. నిమ్మ ఉప్పు అలంకారం కాదు. లేత ఆకుపచ్చ రంగులో ఉండే అన్నభేది ద్రావణం గాలి తగిలి కొద్ది గంటల్లో తుప్పు రంగుకు తిరుగుతుంది. అలా తిరిగిన ఇనుము ఆకులోకి దిగదు. నిమ్మ ఉప్పు ఆ మార్పును ఆలస్యం చేస్తుంది. అందుకే కలిపినది అప్పటికప్పుడే కొట్టేయాలి, నిన్న మిగిలినది ఈ రోజు పనికిరాదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కొట్టినా, మోతాదు పెంచినా ఆకు మీద నల్ల మచ్చలు పడతాయి. కొత్తిమీర లాంటి పలచటి ఆకుపై ముందు నాలుగు మొక్కల మీద చూసుకోవడం మంచిది. పచ్చిగా తినే ఆకు కాబట్టి పిచికారీకి, కోతకు మధ్య తగినంత ఎడం కూడా ఉండాలి.

జింకుకు పిచికారీ అయితే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్, నేలలో అయితే ఎకరాకు 20 కిలోలు దుక్కిలో. ఒకసారి నేలలో వేసింది రెండు మూడు పంటల దాకా పనిచేస్తుంది, ప్రతి పంటకూ వేయడం దండగ. మార్కెట్లో ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది, ఒకదాంట్లో జింకు 21 శాతం, మరోదాంట్లో 33 శాతం. బస్తా ధర చూసి కాక జింకు శాతం చూసి లెక్క వేసుకోవాలి.

ఇక కల్తీ. చూడటానికి అచ్చం ఒకేలా ఉండే చవక మెగ్నీషియం సల్ఫేట్‌ను జింకు సల్ఫేట్ పేరుతో అంటగట్టడం మన ప్రాంతంలో పాత బెడద. దీన్ని పట్టుకునే తేలిక పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. ఒక గ్లాసు నీటిలో కాస్త డీఏపీ కలిపి, కదపకుండా ఉంచి, పైకి తేరిన నీటిని వంచుకోవాలి. ఇంకో గ్లాసులో కొన్న జింకు సల్ఫేట్ కరిగించి దీనిలో పోయాలి. అసలైన జింకు అయితే వెంటనే తెల్లగా, చిక్కగా విరిగి గడ్డలా అడుగుకు దిగుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ అయితే అలా చిక్కటి గడ్డ కట్టదు. ఈ గ్లాసులో జరిగింది కల్తీని పట్టించడంతోపాటు మరో సంగతి కూడా కళ్లకు కట్టి చూపిస్తుంది. ఆ తెల్లటి గడ్డ జింకు ఫాస్ఫేట్, నీటిలో కరగనిది. డీఏపీనీ జింకు సల్ఫేట్‌నూ కలిపి చల్లితే పొలంలో జరిగేదీ ఇదే. రెండింటి మధ్య కనీసం మూడు రోజుల ఎడం పెట్టాలని వ్యవసాయ శాఖ చెప్పేది అందుకే. గ్లాసులో కళ్లారా చూసినవారికి ఆ సలహా మళ్లీ చెప్పాల్సిన పనిలేదు.

బోరాన్ విషయంలో చేయి జాగ్రత్తగా ఉండాలి. లోపానికీ విషానికీ మధ్య ఎడం ఇంత తక్కువగా ఉన్న పోషకం మరొకటి లేదు. ఎక్కువైతే ఆకు అంచులు, కొసలు మాడిపోతాయి, ఆకు అమ్ముకునే పంటలో అది కోలుకోలేని దెబ్బ. మిగిలిన వాటిలోనూ ఎక్కువ వేస్తే మేలని లేదు. జింకు మితిమీరితే ఇనుము అందదు, మాంగనీసు, ఇనుము ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. లోపం ఏదో తెలియనప్పుడు అన్నీ కలిసిన మిశ్రమ ప్యాకెట్ కొట్టడం సులువైన పనే, అత్యవసరంలో ఉపయోగమే. కానీ దానివల్ల మొక్క పచ్చబడితే ఏ ధాతువు పనిచేసిందో తెలియదు, వచ్చే ఏడు మళ్లీ అన్నీ కొనాల్సిందే. చివికిన పశువుల ఎరువుకు ఇక్కడ తగినంత గౌరవం దక్కడం లేదు. దానిలోని సేంద్రియ ఆమ్లాలు ఇనుమును, జింకును పట్టి కరిగే రూపంలో ఉంచుతాయి. అన్నభేదిని నేరుగా సున్నపు నేలలో చల్లితే దాదాపు అంతా వృథా, పశువుల ఎరువులో కలిపి కొన్నాళ్లు మగ్గనిచ్చి వేస్తే చాలా వరకు దక్కుతుంది.

ఫలితాలను నమ్మే ముందు

సుగంధ మొక్కలపై సూక్ష్మపోషకాల ప్రయోగాలు ఏటా చాలా వస్తున్నాయి. నానో జింకు పేరుతో తులసి మీద, పుదీనా మీద వస్తున్నవీ తక్కువ కాదు. వాటిలో ఎక్కువ భాగం కుండీల్లో, ఇసుకలో, పోషక ద్రావణాల్లో చేసినవి. ఆ పద్ధతికి విలువ ఉంది. జింకు పూర్తిగా తీసేసి మొక్క ఎలా ఉంటుందో చూపించడానికి అంతకంటే మంచి దారి లేదు. కానీ జింకు అసలు లేని ఇసుకలో కొద్దిగా జింకు ఇస్తే మొక్క రెట్టింపు పెరగడం సహజం, దాన్నిబట్టి జింకు చాలినంత ఉన్న మడిలో కూడా దిగుబడి రెట్టింపవుతుందని చెప్పడం అన్యాయం. ఏ ఫలితం చదివినా మొదట వెతకాల్సింది ప్రయోగానికి ముందు ఆ మట్టిలో ఉన్న జింకు ఎంత, ఇనుము ఎంత అన్న వివరం. అది రాయని ప్రయోగాన్ని సలహాగా తీసుకోవడానికి వీల్లేదు.

రెండో చిక్కు గంధకం. జింకు సల్ఫేట్, అన్నభేది రెండింటిలోనూ గంధకం ఉంది. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్‌తో పాటు రెండు కిలోల పైచిలుకు గంధకం కూడా నేలకు చేరుతుంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మెట్ట ప్రాంతాల్లో చేసిన మట్టి పరీక్షల్లో జింకు, బోరాన్‌తో సమానంగా గంధకం లోపం బయటపడింది. అలాంటి నేలలో కనిపించిన మేలులో ఎంత జింకుది, ఎంత గంధకానిది? నూనె మూలపదార్థాన్ని తయారుచేసే ఆ రెండు ఎంజైముల్లో ఇనుముతోపాటు గంధకమూ ఉందని గుర్తుంచుకుంటే ఇది ఊరికే సాగదీసిన అనుమానం కాదని అర్థమవుతుంది. పోల్చి చూసే మడిలో అంతే గంధకాన్ని వేరే రూపంలో ఇస్తే తప్ప ఈ ముడి విడదు. పిచికారీలో ఈ సమస్య లేదు, అక్కడ చేరే గంధకం లెక్కలోకి రానంత తక్కువ.

మూడోది మట్టి పరీక్ష కార్డు మీది హద్దులు. జింకు 0.6, ఇనుము 4.5, మాంగనీసు 2, రాగి 0.2, బోరాన్ 0.5 పీపీఎం (కిలో మట్టిలో మిల్లీగ్రాములు) కంటే తక్కువైతే లోపం అని సాధారణంగా లెక్కిస్తారు. మొక్కకు అందే లోహాలను డీటీపీఏ అనే రసాయనంతో మట్టిలోంచి లాగి కొలిచే పద్ధతిని లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించారు. ఈ హద్దులు ప్రధానంగా వరి, మొక్కజొన్న లాంటి పంటలతో స్థిరపడ్డవి, వాటిలో కొలిచింది గింజ, గడ్డి. నూనె కోసం పెంచే నిమ్మగడ్డికి, వాసన కోసం అమ్మే మరువానికి అదే హద్దు సరిపోతుందని ముందే అనుకోలేం. హద్దుకు బాగా కింద ఉన్న పొలంలో సందేహం అక్కర్లేదు, వేయాల్సిందే. హద్దుకు బాగా పైన ఉన్నచోట పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. హద్దు చుట్టుపక్కల ఉన్న పొలాల్లోనే ఎక్కువ డబ్బు తెలియకుండా పోతోంది, అక్కడే పరిశోధన ఎక్కువ కావాలి.

ఆ పరిశోధన పెద్ద సంస్థలే చేయాలని లేదు. నూనె పంట వేసిన రైతు సంఘమైనా, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ అయినా ఒకే రకం, ఒకే రోజు నాటిన పొలంలో పిచికారీ చేసిన చాళ్ల మధ్య కొన్ని చాళ్లను ఉత్త నీళ్లతో తడిపి వదిలేయవచ్చు. కొంత చోట పోషకం, కొంత చోట నీళ్లు ఇలా మూడు నాలుగు సార్లు మార్చి మార్చి వస్తే నేల ఎగుడుదిగుడు తేడాలు సర్దుకుంటాయి. కోత రోజున ఒక్కో పట్టీ ఆకును విడిగా తూచాలి. తర్వాత ఒక్కోదాంట్లోంచి వంద గ్రాముల తాజా ఆకును క్లెవెంజర్ గాజు పరికరంలో నీళ్లతో రెండు మూడు గంటలు మరిగించాలి. ఆవిరితో లేచిన నూనె చల్లబడి, గీతలున్న సన్నటి గొట్టంలో నీటిపై తేలుతుంది. పుదీనా అయితే అర మిల్లీలీటరు పైన ఎక్కడో నిలుస్తుంది. ఆ గీతను చదివి, ఆకు బరువుతో గుణించి, పిచికారీకి అయిన ఖర్చు పక్కన రాస్తే ఆ పొలానికి జింకు కావాలో వద్దో తేలిపోతుంది. నూనె తీసే యూనిట్ ఉన్న ప్రతి ఊళ్లో ఈ పరికరం ఒకటి ఉండాలి. పంట కొనేటప్పుడు నూనె శాతం తేల్చడానికి ఎలాగూ అది పనికొస్తుంది.